కూజా మెడా, కెనడా కటాఫూ

ఈ దసరాకి మా మనవరాలు హైదరాబాద్ నుంచి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్లో ఏదో అంకె చూస్తుంది, మొహం వాడిపోతుంది, ఫోను బోర్లా పెట్టేస్తుంది. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అడిగాను.

"ఏంటే అమ్మడూ, షేర్లలో ఏవన్నా పెట్టావా?"

"షేర్లు కాదు తాతయ్యా, కటాఫ్."

కెనడా పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, పెట్టుకుందామనుకుంటోందట. ఏదో కన్సల్టెన్సీకి వెళ్తే వాళ్ళు రంగురంగుల గ్రాఫ్ ఒకటి చేతిలో పెట్టి, సగటు కటాఫ్ ఇంత, మీ స్కోరు ఇంత, కష్టమే మేడమ్, మా పెద్ద ప్యాకేజీ తీసుకోండి అన్నారట. ఆ గ్రాఫ్ నాకూ చూపించింది. నేను కెనడా చూడలేదు, చూస్తానన్న ఆశా లేదు. కానీ ఆ కాయితం చూడగానే నాకు ఒళ్ళు మండింది. గోదావరి గేజీ రీడింగూ, పంటకాలవ రీడింగూ, మా దొడ్డిలో నూతి లోతూ కలిపి సగటు తీసినట్టుంది.

నా ఉద్యోగమంతా ఇరిగేషన్ శాఖలో, ధవళేశ్వరం చుట్టుపక్కలే గడిచింది. వరదలొచ్చాయంటే ఊరంతా అడిగేది ఒకటే ప్రశ్న: "ఎంతుందండీ?" పదకొండు ముప్పావు అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. జనానికి ఆ అంకె చాలు. మాకు చాలదు. ఆ అంకె ఊరికే పుట్టదు. పైనుంచి ఎంత వస్తోంది, బ్యారేజీ గేట్లు ఎన్ని ఎత్తాం, ముందే ఎంత నిలవుంది, ఈ మూడూ కలిసి చేసిన పనికి గుర్తు అది. మట్టం ఒక్కటే చూసి రేపటి సంగతి చెప్పేవాడు చిలకజోస్యం చెప్పేవాడితో సమానం.

కెనడా వాళ్ళ కటాఫ్ కూడా అచ్చం గేజీ రీడింగే. అదెలాగో ముందు కాస్త చెప్పాలి.

2015 జనవరి 1 నుంచి అక్కడ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి నడుస్తోంది. ముందొచ్చినవాడికి ముందు అనే క్యూ కాదది. అర్హత ఉన్నవాళ్ళు తమ వివరాలతో ఒక ప్రొఫైల్ పెట్టుకుంటారు. వయసు, చదువు, ఇంగ్లీషు, ఉద్యోగానుభవం, ఇలా అన్నిటికీ కలిపి 1200కి ఒక స్కోరు వస్తుంది. దాన్ని సీఆర్‌ఎస్ అంటారు. వీళ్ళందరూ ఒక కొలనులో ఉన్నట్టు లెక్క. ప్రభుత్వం అప్పుడప్పుడూ ఈసారి ఇంతమందిని పిలుస్తాం అని ఒక సంఖ్య అనుకుని, పై స్కోరు నుంచి కిందికి లెక్కబెట్టుకుంటూ ఆహ్వానాలు పంపుతుంది. మనవాళ్ళు దాన్ని డ్రా అంటారు. పేరు డ్రా అయినా అందులో చీటీలు వేసి తీసేదేమీ లేదు, అదృష్టం పాలు సున్న. ఆ పిలుపు అందుకున్నవాళ్ళలో చిట్టచివరివాడి స్కోరే కటాఫ్. అంటే అది పాస్ మార్కు కాదు. ఎవరూ ముందుగా కూర్చుని నిర్ణయించిందీ కాదు. తోడటం ఆపినచోట నీళ్ళెక్కడున్నాయో చెప్పే గీత, అంతే.

ఈ ముక్క మా అమ్మడికి చెప్తే, "అదే కదా తాతయ్యా, ఆ గీత ఎప్పుడు దిగుతుందా అనే కదా రోజూ చూస్తున్నాను" అంది. చూస్తే దిగదు కదా. పాత రీడింగులన్నీ తెమ్మన్నాను. కెనడా ప్రభుత్వం వాటిని దాచిపెట్టదు. ఏ తేదీన, ఎంతమందిని, ఎంత కటాఫ్‌తో పిలిచారో అంతా బయటే పెడుతుంది. కొలనులో ఏ స్కోరు దగ్గర ఎంతమంది మిగిలారో కూడా పట్టిక వేసి ఇస్తుంది. మా రిజర్వాయర్లకి ఏ ఎత్తులో ఎంత నిలవో చెప్పే పట్టిక ఉండేది, దాని లాంటిదే ఇదీ. ఇంత నిజాయితీగా లెక్క అప్పజెప్తుంటే దాన్ని సరిగ్గా చదువుకోకపోవటం మన తప్పే.

అన్ని సంవత్సరాల్లోకీ నేను 2022 ఎంచుకున్నాను. ఎందుకంటే ఆ ఏడు జులై నుంచి నవంబరు దాకా ఒకే రకం డ్రాలు, సరిగ్గా రెండేసి వారాల ఎడంతో జరిగాయి. లెక్క నేర్చుకోవటానికి అంతకంటే శుభ్రమైన పుస్తకం దొరకదు. పైగా ఆ జులై నాకు బాగా గుర్తు. భద్రాచలంలో గోదావరి 70 అడుగులు దాటింది ఆ నెలలోనే.

అంతకుముందు ఏం జరిగిందంటే, అన్ని కోవలవాళ్ళనీ కలిపి తీసే డ్రా చివరిసారి 2020 డిసెంబరు 23న జరిగింది. 5,000 మందిని పిలిచారు, కటాఫ్ 468. తర్వాత కరోనా, పేరుకుపోయిన దరఖాస్తులు, వీటన్నిటివల్ల ఆ గేటు ఏడాదిన్నర మూసేశారు. గేటు మూశారని వచ్చే నీళ్ళు ఆగుతాయా? కొత్త ప్రొఫైళ్ళు వస్తూనే ఉన్నాయి. 2022 జులై 6న మళ్ళీ గేటెత్తేసరికి మట్టం 557 దగ్గరుంది. ఆరోజు తీసింది 1,500 మందినే.

ఆ తర్వాత రెండు వారాలకోసారి గేటు కొంచెం కొంచెంగా పెంచుతూ పోయారు. 1,750 మంది, 2,000, 2,250, 2,750, 3,250, 3,750, 4,250, ఆఖరికి 4,750 దగ్గర మూడుసార్లు ఆగారు. కటాఫ్ ఇలా దిగింది: 557, 542, 533, 525, 516, 510, 504, 500, 496, 494, 491.

"ఏం కనిపిస్తోందే?" అన్నాను.

"దిగుతోంది కదా తాతయ్యా."

"ఎంతెంత దిగుతోంది?"

వేళ్ళమీద లెక్కేసింది. పదిహేను, తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది, ఆరు, ఆరు, నాలుగు, నాలుగు, రెండు, మూడు. చెప్తూ చెప్తూనే నుదురు చిట్లించింది. "అదేంటి? పిలిచేవాళ్ళు మూడింతలయ్యారు, దిగటం మాత్రం తగ్గిపోయిందేంటి?"

అదీ ప్రశ్నంటే. దానికి జవాబు చెప్పటానికి నేను వంటింట్లోంచి మట్టి కూజా, కాఫీ గ్లాసు, కొత్త చీపురులోంచి ఒక పుల్ల తెచ్చాను. చీపురుపుల్ల విరిచినందుకు పడ్డ చీవాట్లు ఇక్కడ రాయను.

కూజా సగానికి నీళ్ళు పోసి, పుల్ల దించి, తడిసినచోట గోటితో గాటు పెట్టమన్నాను. ఒక గ్లాసు నీళ్ళు పోసి మళ్ళీ దించమన్నాను. గాటుకీ గాటుకీ మధ్య బియ్యపుగింజంత తేడా. అలా పోస్తూ పోస్తూ నీళ్ళు మెడలోకి వచ్చాయి. అక్కడ అదే గ్లాసు పోస్తే మట్టం నాలుగు వేళ్ళు లేచింది. గ్లాసు మారలేదు, నీళ్ళు మారలేదు, కూజా వెడల్పు మారింది. తీసేటప్పుడూ అంతే. మెడలోంచి ఒక గ్లాసు తీస్తే నాలుగు వేళ్ళు దిగుతుంది, పొట్టలోంచి తీస్తే బియ్యపుగింజంత.

స్కోర్ల కొలను కూడా కూజాయే. పైన మెడ, కింద పొట్ట. 500 పైన ఉండాలంటే చిన్న వయసు, పెద్ద చదువు, మంచి ఇంగ్లీషు, అనుభవం, వీలైతే కెనడాలోనే కొంత చదువో ఉద్యోగమో, ఇన్నీ ఒక్కరికే కలిసిరావాలి. అలాంటివాళ్ళు తక్కువ, అందుకే అక్కడ సన్నం. ఒకటి రెండు తక్కువైనవాళ్ళు ఎక్కువమంది. అందుకని 490, 480, 470 అలా దిగేకొద్దీ జనం వెడల్పవుతారు. జులైలో తోడింది మెడలో నీళ్ళు, నవంబరులో తోడింది పొట్ట మొదట్లో నీళ్ళు. మొదటి నెలలో పడ్డ పాయింట్లు చూసి, ఈ లెక్కన సంక్రాంతికి 400 కిందికి దిగిపోతుంది అని స్కేలుతో గీత గీసినవాళ్ళందరూ అక్కడే పప్పులో కాలేశారు.

ఇక వచ్చే నీళ్ళ సంగతి. 2022 నవంబరు 23 తర్వాత మళ్ళీ డ్రా 2023 జనవరి 11న గానీ జరగలేదు. మధ్యలో సరిగ్గా ఏడు వారాలు. అప్పుడు 5,500 మందిని పిలిచారు. అన్ని కోవల డ్రాల్లో అంతకుముందు ఎప్పుడూ లేనంత గేటు ఎత్తినట్టే కదా, కటాఫ్ దిగాలి. దిగలేదు సరికదా, 507కి ఎక్కింది! వారం తిరిగేసరికి జనవరి 18న మళ్ళీ అదే 5,500. ఈసారి 490. ఒకే గేటు, ఒకే ఎత్తు, వారం తేడాలో 17 పాయింట్ల తేడా. మొదటిసారి ఏడు వారాలుగా మెడలో పేరుకున్నవాళ్ళు ముందుగా పోయారు. రెండోసారికి పేరుకోవటానికి టైమెక్కడిది, వారమేగా! అందుకే ఎంతమందిని పిలిచారు అనే ప్రశ్న పక్కనే, ఎన్ని రోజులకి పిలిచారు అని కూడా రాసుకోవాలి. కన్సల్టెన్సీ గ్రాఫ్‌లో ఆ గడే లేదు.

ఇప్పుడు మా శాఖలో రోజూ కట్టే లెక్క ఒకటి కడదాం. వచ్చింది, పోయింది, నిలవ. ఈ మూడింట్లో రెండు తెలిస్తే మూడోది దొరుకుతుంది.

నవంబరు 23 నుంచి జనవరి 18 దాకా 56 రోజులు. రెండు డ్రాల్లో పోయింది 11,000 మంది. మట్టం 491 నుంచి 490కి, ఒక్క పాయింటే దిగింది. అంటే పోయినంతా ఇంచుమించు వచ్చినదే. రోజుకి ఎంత? సుమారు 190 అనుకోండి. ఆ గీతకి పైన రోజుకి 190 మంది కొత్తగా చేరుతున్నారన్నమాట. వాళ్ళలో కొత్తగా ప్రొఫైల్ పెట్టినవాళ్ళుంటారు, ఉన్నవాళ్ళే పరీక్ష మళ్ళీ రాసి కిందనుంచి ఊటలా పైకొచ్చినవాళ్ళూ ఉంటారు.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. అక్టోబరు 26 నుంచి నవంబరు 23 దాకా 28 రోజులు. రెండు డ్రాల్లో పోయింది 9,500. ఆ రోజుల్లో వచ్చింది, రోజుకి 190 చొప్పున, 5,320. మిగతా నాలుగు వేల చిల్లర నిలవలోంచి పోయింది. దానికి మట్టం 496 నుంచి 491కి అయిదు పాయింట్లు దిగింది. అంటే అక్కడ కూజా వెడల్పు పాయింటుకి 800 మంది పైచిలుకు.

అమ్మడు ఫోన్లో క్యాలిక్యులేటరు తీసింది గానీ నేను వద్దన్నాను. ఇది మొరటు లెక్క, దీనికి పైసలదాకా అక్కర్లేదు. డిసెంబరులో సెలవులకి రాక తగ్గి ఉండొచ్చు. నవంబరు 16న ఉద్యోగాల వర్గీకరణ పట్టిక కూడా మార్చారు, దానివల్ల కొందరి ప్రొఫైళ్ళు అటూ ఇటూ అయి ఉంటాయి. అందుకని 800 అంటే ఆరొందల నుంచి వెయ్యి మధ్యలో ఎక్కడో అని చదువుకోవాలి. మా గేజీ పుస్తకంలోనూ అంతే, ఇంజనీరు దశాంశ స్థానాలు ఎక్కువ రాశాడంటే ఆ కాలవ దగ్గరికి వెళ్ళలేదని అర్థం.

లెక్క కట్టాక దాన్ని ఇంకోచోట పరీక్షించాలి. లేకపోతే అది లెక్క కాదు, కథ. 2023 మార్చిలో కెనడా వాళ్ళు ఒక్కసారిగా గేట్లు బార్లా తెరిచారు. మార్చి 15న 7,000, 23న 7,000, 29న 7,000. కటాఫ్‌లు 490, 484, 481. పదిహేను నుంచి ఇరవైతొమ్మిది దాకా 14 రోజుల్లో పోయింది 14,000. వచ్చింది 190 లెక్కన 2,660. నిలవలోంచి పోయింది 11,000 పైన. దిగింది తొమ్మిది పాయింట్లు. పాయింటుకి పన్నెండొందల యాభై దాకా. అంతకుముందు పైన 800 వచ్చింది, కిందికి వచ్చేసరికి 1,250 అయింది. కూజా పొట్ట వెడల్పవుతూనే ఉంది! నిజం చెప్పొద్దూ, ఆ అంకె తేలగానే నాకు పాతికేళ్ళ వయసులో మొదటిసారి కాలవలో డిశ్చార్జి లెక్క సరిపోయిన రోజంత సంతోషం వేసింది. ఏప్రిల్‌లో గేటు 3,500కి దించారు, మట్టం 486కి లేచింది.

"ఇంతకీ నీ స్కోరెంతే?" అని అప్పుడడిగాను. ముందే అడిగితే లెక్క చెవికెక్కదని అడగలేదు.

"411."

వయసు 29, పెళ్ళి కాలేదు, కాబట్టి వయసుకి పూర్తి 110. ఎం.టెక్‌కి 135. ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్ ఏడున్నర, రైటింగ్ ఏడు, స్పీకింగ్ ఏడు, లిజనింగ్ ఏడున్నర. ఇంగ్లీషుకి మొత్తం 116. చదువూ ఇంగ్లీషూ కలిసినందుకు ఇంకో 25, నాలుగేళ్ళ ఉద్యోగమూ ఇంగ్లీషూ కలిసినందుకు 25. అన్నీ కూడితే 411, నిజమే.

పాయింట్ల పట్టిక ముందేసుకుని చూస్తే నాకొక చిత్రం కనిపించింది. ఈ స్కోరు వాలుగా ఎక్కే రోడ్డు కాదు, మెట్లు. ఇంగ్లీషులో నాలుగు విభాగాలూ కెనడా వాళ్ళ భాషా కొలతలో తొమ్మిదో మెట్టు మీదుంటే ఒక లెక్క, ఒక్కటి ఎనిమిదో మెట్టు మీదున్నా ఇంకో లెక్క. చదవటం, రాయటం, మాట్లాడటం మూడింటికీ ఏడొస్తే తొమ్మిదో మెట్టే. వినటానికి మాత్రం ఎనిమిది రావాలి. మా పిల్లకి ఏడున్నర. ఆ అర బ్యాండు వల్ల పోయింది విభాగంలో ఎనిమిది పాయింట్లే కదా అనుకుంటాం. అలాక్కాదు. అన్నీ తొమ్మిదో మెట్టెక్కితే చదువు కలయికకి 25 బదులు 50, ఉద్యోగం కలయికకి 25 బదులు 50. అంటే ఎనిమిది, ఇరవై అయిదు, ఇరవై అయిదు, మొత్తం 58. స్కోరు 469 అవుతుంది. కటాఫ్ 58 పాయింట్లు దిగాలంటే ఎన్ని వేలమందిని తోడాలో ఇందాకే చూశాం. అదే పని ఒక శనివారం పొద్దున పరీక్ష హాల్లో అర బ్యాండుతో అవుతుంది. గ్రాఫ్ ఇచ్చినవాళ్ళు ఈ మాటొక్కటీ ఆమెకి చెప్పలేదు. దానికి ప్యాకేజీ ఉండదు కాబోలు.

అయితే 469 చాలా? 481 దగ్గర పాయింటుకి 1,250 మంది ఉంటే, ఇంకో పన్నెండు పాయింట్లు దిగటానికి పదిహేను వేలమంది పైనే పోవాలి. అది కూడా ఒక్క కొత్తవాడూ రాకపోతే. 2023 మార్చిలాంటి నెలలు వరసగా వస్తే తప్ప కూర్చుని ఎదురుచూస్తే అయ్యే పని కాదు. 2024 మొదట్లో జరిగిన సాధారణ డ్రాల్లో అయితే కటాఫ్‌లు 546, 543, 535, 534. గేటు అంత సన్నగా ఎత్తారు మరి.

"మరి కాయితంలో 336 అని కూడా ఉందిగా తాతయ్యా?" అంది. ఉంది. 2024 ఫిబ్రవరి 29న. పక్క గడిలోనే 700 పైన అంకెలూ ఉన్నాయి. ఇవే ఆ కన్సల్టెన్సీవాళ్ళు కలగలిపి సగటు తీసింది.

2023 జూన్ 28 నుంచి కెనడావాళ్ళు ఒకే కొలనుకి వేరువేరు తూములు పెట్టారు. వైద్యరంగం వాళ్ళకొకటి, సైన్సు, ఇంజనీరింగుల వాళ్ళకొకటి, ఫ్రెంచి బాగా వచ్చినవాళ్ళకొకటి, ఇంకా కొన్ని. ఒక్కో తూముకీ దాని మట్టం దానిదే. 336 ఫ్రెంచి తూముది. ఇంజనీరింగు తూము మొదటిసారి 2023 జులై 5న తెరిస్తే 486, ఆ డిసెంబరు 8న 5,900 మందిని తీస్తే 481. ఇక 700లేమో రాష్ట్రాలవాళ్ళు నామినేట్ చేసినవాళ్ళవి. రాష్ట్రం చెయ్యేస్తే ఒకేసారి 600 పాయింట్లు కలుస్తాయి, కాబట్టి ఆ 700 వెనక అసలు స్కోరు వందో, నూటయాభయ్యో ఉండొచ్చు. వీటన్నిటినీ కూడి భాగించగా వచ్చిన సగటు ఏ తూము దగ్గరా నిలబడదు.

గీతలే మార్చేసిన సందర్భాలూ ఉన్నాయి. మొట్టమొదటి డ్రా 2015 జనవరి 31న 779 మందితో జరిగింది. కటాఫ్ 886! అప్పుడు కెనడాలో ఉద్యోగం ఖాయమైనవాళ్ళకి కూడా 600 పాయింట్లుండేవి. 2016 నవంబరు 19న దాన్ని 50కి, పెద్ద హోదాలవాళ్ళకి 200కి దించారు. 2025 మార్చి 25న అదీ తీసేశారు. గేజీ స్తంభం పీకి ఇంకోచోట పాతితే పాత రీడింగుకీ కొత్త రీడింగుకీ చుట్టరికం ఉండదు. 2021 ఫిబ్రవరి 13 సంగతి మరీ విడ్డూరం. కరోనాకి సరిహద్దులు మూసి ఉండటంతో, అప్పటికే కెనడాలో పనిచేసిన కోవవాళ్ళని 27,332 మందిని ఒక్కరోజే పిలిచేశారు. కటాఫ్ 75. ఆ అంకె చూపించి ఆశపెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారట. గేట్లన్నీ ఎత్తేసిన రోజు రీడింగు చూపించి చేపలచెరువు అమ్మినట్టుంటుంది.

ఇదంతా కొలను మట్టం సంగతి. ప్రణాళిక వెయ్యాలంటే రెండో గీత కూడా గియ్యాలి. అది అమ్మడి సొంత గీత. అదీ కదులుతుంది. ఫిబ్రవరిలో ముప్పై నిండగానే వయసు పాయింట్లు 110 నుంచి 105, మరుసటేడు 99, తర్వాత 94, 88, 83. ఏడాదికి అయిదో ఆరో. నలభై నుంచి నలభై ఒకటికి మారితే ఒకేసారి పదకొండు. పుట్టినరోజు నాడు కేకు కోసేలోపే తగ్గించేస్తారు. అంటే 469 ఈ ఫిబ్రవరి దాకానే, తర్వాత 464. అనుభవం మెట్లు మాత్రం పైకెక్కుతాయి. కానీ బయటిదేశం అనుభవం మూడేళ్ళు నిండితే ఆ మెట్టు అక్కడితో సరి, పదేళ్ళు చేసినా అంతే. మా పిల్ల ఆ మెట్టు ఎప్పుడో ఎక్కేసింది. కాబట్టి ఇంకో ఏడు ఆగుదాం, అనుభవం పెరుగుతుందిగా అనుకుంటే, ఈవిడ లెక్కలో అది నష్టమే. పెళ్ళయి భర్తని వెంట తీసుకెళ్తే పట్టికే వేరు, వయసుకి 110 బదులు 100 నుంచి మొదలు, కొన్ని పాయింట్లు అతని మీదికి పోతాయి. సంబంధాలు చూస్తున్న మా కోడలికి నేను ఈ సంగతి చెప్పలేదు.

గ్రాఫ్ కాయితం మీద ఎర్రపెన్నుతో ఆమె గీత, నీలంపెన్నుతో ఇంజనీరింగు తూము మట్టాలు వేశాం. మధ్యలో ఖాళీ కనిపిస్తూనే ఉంది. అమ్మడే అంది: "ఫ్రెంచి నేర్చుకుంటే?" పట్టిక చూశాం. నాలుగు విభాగాల్లోనూ ఏడో మెట్టు వస్తే విభాగానికి మూడు చొప్పున పన్నెండు, రెండు భాషలూ వచ్చినందుకు విడిగా 50. మొత్తం 62. అంటే 531. పైగా ఫ్రెంచి తూము దగ్గర నిలబడొచ్చు. కానీ సున్నా నుంచి ఏడో మెట్టుకి ఒక్క వేసవి సెలవుల పని కాదు, ఏడాదో అంతకంటే ఎక్కువో పడుతుంది. ఆ ఏడాదిలో వయసుకి పోయేది అయిదు. అరవై రెండు తెచ్చుకుని అయిదు పోగొట్టుకోవటం గిట్టుబాటే. వెయ్యాల్సిన లెక్క అది. ఈ భాషల పాయింట్ల మాట వస్తే ఇంకో కబురు. ఆస్ట్రేలియావాళ్ళ పాయింట్ల పరీక్షలో, తెలుగుకీ ఇంగ్లీషుకీ మధ్య మాటలు అటూ ఇటూ చెప్పగలనని పరీక్ష రాసి నెగ్గితే 5 పాయింట్లిస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఏం లాభం అని అడిగిన మా పక్కింటాయన కొడుక్కి ఈ ముక్క చేరవేశాను.

ఆమె ఇంకోటి అడిగింది: "అందరూ ఒకే స్కోరు మీదుంటే ఎవర్ని తీసుకుంటారు?" కటాఫ్ దగ్గర ఒకే స్కోరువాళ్ళు చాలామంది ఉంటారు, గ్లాసు అంచు దగ్గర నీటిచుక్కల్లాగా. వాళ్ళలో ప్రొఫైల్ ముందు పెట్టినవాళ్ళని తీసుకుంటారు, తేదీ, గంట, నిమిషంతో సహా చూసి. పాయింటుకి వెయ్యిమంది ఉన్నచోట ఇది చిన్న సంగతి కాదు. అందుకని అర్హత రాగానే, స్కోరు తక్కువైనా, ప్రొఫైల్ పెట్టేసి ఉంచటం మేలు. స్కోరు పెరిగినప్పుడు అందులోనే మార్చుకోవచ్చు. తీసేసి కొత్తది పెడితే మళ్ళీ వరస చివరికే. ప్రొఫైల్‌కి ఏడాది గడువు, ఐఈఎల్‌టీఎస్ ఫలితానికి రెండేళ్ళు, డిగ్రీల మదింపుకి అయిదేళ్ళు. ఈ గడువులు కూడా కాయితం కింద పెన్సిలుతో గీశాం. పిలుపు వచ్చాక దరఖాస్తుకి 60 రోజులే. పాత కంపెనీల నుంచి అనుభవ పత్రాలు, పోలీసు సర్టిఫికెట్లు అప్పుడు మొదలుపెడితే, వరదొచ్చాక గట్టుకి మట్టి మోసినట్టుంటుంది.

సాయంత్రానికి మా అరుగు మీద కాయితాలు, కూజా, గాట్లు పడ్డ చీపురుపుల్ల. అమ్మడు ఆ కన్సల్టెన్సీ గ్రాఫ్‌ని నాలుగు మడతలు పెట్టి కుర్చీ కాలి కిందకి తోసింది. ఎప్పట్నుంచో ఊగుతున్న కుర్చీ, సరిపోయింది.

"అంతా బానే ఉంది గానీ తాతయ్యా, తర్వాత డ్రా ఎప్పుడంటావ్?"

"నాకేం తెలుసే? గేటు ఎప్పుడెత్తుతారో, వాటినెత్తే మా లస్కర్లకే ముందురోజు రాత్రి దాకా చెప్పేవాళ్ళం కాదు."

నవ్వి లోపలికెళ్ళింది. జనవరిలో పరీక్ష తేదీ చూసుకుని డబ్బు కట్టేసింది. వినటంలో అర బ్యాండు పెంచుకోవాలి కదా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరో కెనడా దొరసాని రైళ్ళ టైములు చెప్తుంటే రాసుకుంటూ కూర్చుంది. మా ఆవిడ అన్నానికి రమ్మని వంటింట్లోంచి మూడుసార్లు పిలిచింది. ఒక్కసారీ వినిపించలేదు.